పెళ్లి పత్రికతో చేసిన ప్యాకింగ్



ఈ వారం మీకు ఒక బండి ఇంజన్ గురించి రాస్తున్నాను. ఇందులో వాక్యం ఎక్కడుందని వెదికేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఈ మాటలు మూడు వారాలుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. సంఘంలో నోటితో చెప్పాను గానీ, ఆ రోజు రానివాళ్లు, బెంగళూరులోనూ గల్ఫ్‌లోనూ ఉండి ఇక్కడ చదువుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకూ తెలియాలి.

ఆ బండి మీలో చాలామందికి తెలుసు. నల్లటి ఆర్‌ఎక్స్ 100. ముందు మడ్‌గార్డు పైకెత్తి బిగించి ఉంటుంది. వెనక చక్రానికి బురదలో పట్టు దొరికే పెద్ద గడ్డల టైరు. సైలెన్సర్ చప్పుడు వినగానే పిల్లలు "అయ్యగారు వచ్చినాడు" అని ఇంట్లోకి పరుగెత్తి చెప్పేవాళ్లు. పుంగనూరు చుట్టుపక్కల మన కూడికలు జరిగే పల్లెల్లో సగానికి ఇప్పటికీ మట్టి దారులే. వానాకాలం స్కూటర్లు దిగబడిపోయే చోట ఈ బండి పోతుంది. మన పుంగనూరు ఆవులాగే చిన్న ఒళ్లు, పెద్ద పని.

యమహా కంపెనీ ఎస్కార్ట్స్‌తో కలిసి మన దేశంలో 1985లో తెచ్చిన బండి ఇది. 1996 దాకా చేశారు. పొగ నిబంధనలు గట్టిపడ్డాక ఆగిపోయింది. బరువు నూరు కిలోలకు అటూ ఇటూ, శక్తి 11 హార్స్‌పవర్. తేలిక బండికి అంత బలం ఉండేసరికి మట్టి మీద పందేలు ఆడే కుర్రాళ్లకు ఇదంటే ప్రాణం. ఇప్పుడు పాతబడేకొద్దీ దీని ధర పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు.

నా దగ్గరున్న బండి నేను కొన్నది కాదు. మన సంఘంలో ఒక పెద్దాయన, ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు, తాను నడుపుకునే బండిని పరిచర్యకు వాడుకోమని తాళం నా చేతిలో పెట్టాడు. అప్పటికి ఆయన కొడుకు చిన్నపిల్లాడు. పెట్రోలు ట్యాంకు మీద వాడిని కూర్చోబెట్టుకుని ఆరాధనకు వచ్చేవాడు ఆ తండ్రి. తర్వాత కొన్నేళ్లకే ఆయన పోయాడు. పిల్లవాడు పెరిగి, ఇంటర్ పూర్తి చేసి, ఇంటి దగ్గర టమాటా తోటల్లో పని చేస్తూ ఉండేవాడు. అప్పుడప్పుడు వచ్చి, "అయ్యగారూ, ఒకసారి బండి తీసుకుపోతా" అని అడిగేవాడు. ఇచ్చేవాణ్ణి.

2023 మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అలాగే తీసుకుపోయాడు. సాయంత్రం కూడికకు నాకు బండి కావాలి, రాలేదు. చీకటి పడ్డాక తోసుకుంటూ వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. ఎండిన చెరువులో స్నేహితులతో పందెం పెట్టుకున్నారట. గట్టుమీదికి ఫుల్ రేసుతో ఎక్కిస్తుంటే కీచుమని వెనక చక్రం పట్టేసిందట. ఇంజన్ సీజైంది.

టూ స్ట్రోక్ ఇంజన్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. మీ స్ప్లెండర్లలో ఇంజన్ ఆయిల్ అడుగున నిలిచి ఉంటుంది. ఈ బండిలో అలా కాదు. గేరు ఆయిల్ వేరే ఉంటుంది గానీ, పిస్టన్‌కూ క్రాంక్‌కూ తడి ఇచ్చే ఆయిల్ పెట్రోలుతో పాటే లోపలికి వెళ్లి, పని చేసి, కాలిపోతుంది. కంపెనీ దీనికి ఒక పంపు పెట్టింది. నా బండికి ఆ పంపు ఎప్పుడో తీసేశారు. అందుకని పెట్రోలు పోయించినప్పుడల్లా లీటరుకు 30 మిల్లీలీటర్ల లెక్కన 2టీ ఆయిల్ మనమే కలపాలి. మరిచిపోతే ఇంజన్ ఎండిపోతుంది, పట్టేస్తుంది.

నేను మొదట అడిగిన మాట, "ఆయిల్ కలిపినావా?"

"కలిపినాను అయ్యగారూ. బంకు దగ్గరే కలిపినా."

"కలిపింటే ఎందుకు పట్టేస్తాది?"

వాడు మళ్లీ అదే చెప్పాడు. పందెం ఆడిన మాట నేను అడగకముందే ఒప్పుకున్నాడు. ఆదివారం పూట అలా చేయకూడదని తెలుసనీ, తప్పేననీ అన్నాడు. ఆయిల్ మాట మాత్రం మార్చలేదు. కూడిక ముగించుకుని బయటికి వచ్చిన పదిహేను ఇరవై మంది అక్కడ నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందు నేను, "అబద్ధం కూడా నేర్చినావా? నీ తండ్రి దేవుని పనికి ఇచ్చిన బండి ఇది. ఆయన పేరు కూడా చెడగొట్టినావు" అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం నమ్మకమైన గృహనిర్వాహకుని గురించి ప్రసంగించాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? అందరూ ఏ వైపు చూస్తున్నారో నాకు పీఠం మీద నుంచి కనబడుతూనే ఉంది. వాడు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఆదివారమే చివరిది. ఏప్రిల్‌లో కుప్పం వెళ్లి గ్రానైట్ పాలిష్ పట్టే చోట పనికి కుదిరాడని వాళ్లమ్మ చెప్పింది. ఆమె ఆరాధనకు వస్తూనే ఉంది. వందనం చెప్పి వెళ్లిపోయేది. నిలబడి మాట్లాడేది కాదు. నేను కూడా ఆపి అడగలేదు.

నాలుగు నెలలు బండి మా వరండాలో గోనెపట్ట కింద ఉంది. తాళం ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది. నేను బస్సుల్లో, షేర్ ఆటోల్లో తిరిగాను. ఒకరిద్దరు వచ్చి ఉన్నది ఉన్నట్టుగా కొంటామన్నారు. మంచి ధరే చెప్పారు. పరిచర్యకు ఇచ్చిన వస్తువు అమ్మబుద్ధి కాలేదు. మెకానిక్‌కు ఇద్దామంటే ఖర్చు నా చేతికి మించి చెప్పారు. దీనికి సంఘం కానుకల డబ్బు ముట్టుకోకూడదని అనుకున్నాను. చివరికి, నేనే విప్పుతానన్నాను. మా ఆవిడ నవ్వింది. నవ్వదా మరి? అంతకు ముందు నేను విప్పిన పెద్ద యంత్రం కుట్టుమిషను. అది కూడా వేరేవాళ్లు వచ్చి బిగించారు.

పుంగనూరులో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఈ బండ్లు కొత్తగా వచ్చిన రోజుల నుంచి చేసినవాడు. ఇప్పుడు చేతులు వణుకుతాయి, చూపు సరిగా ఆనదు. పని మానేశాడు. మన విశ్వాసి కాడు, కానీ అడగ్గానే, "మీరు విప్పండి అయ్యగారూ, నేను చెప్తా" అన్నాడు. విప్పే ముందు ప్రతిదీ ఫోన్లో ఫోటో తీయమన్నాడు. ఏ బోల్టు ఎక్కడిదో కలిసిపోకుండా విడివిడిగా పెట్టుకోమన్నాడు. నాకు ఇంట్లో దొరికినవి ఇడ్లీ రేకులు. ఒక గుంటలో హెడ్ నట్లు, ఒక గుంటలో కార్బొరేటర్ స్క్రూలు, ఒక గుంటలో మాగ్నెట్ కవరువి. మూడు వారాలు మా ఇంట్లో ఇడ్లీ లేదు.

మొదటిరోజు పెట్రోలు ట్యాంకు దించాలి. దించే ముందు అందులో ఉన్నది ఒక క్యానులోకి వంపాను. చెయ్యి తడిసింది. పెట్రోలు అయితే క్షణంలో ఆరిపోయి చెయ్యి పొడిబారుతుంది. నా వేళ్లు జారుతున్నాయి.

ఏదో అనుమానం వచ్చి ఒక తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేశాను. ఒకటి ఆ క్యానులోది. ఇంకొకటి జనరేటర్ కోసం తెచ్చిపెట్టుకున్న ఉత్త పెట్రోలు. ఎండలో పెట్టి చూశాను. ఉత్త పెట్రోలు చుక్క జాడ లేకుండా ఎగిరిపోయింది. రెండో చుక్క చోట గుండ్రంగా జిడ్డు మరక నిలిచింది.

వాడు ఆయిల్ కలిపాడు.

మొదట నా మనసు ఒప్పుకోలేదు. తర్వాత ఎవరైనా పోసి ఉంటారేమో అనుకున్నాను. ఎవరు పోస్తారు? బండి నా వరండాలో, తాళం నా గోడకు. సీజైన రాత్రి ట్యాంకులో ఏముందో, నాలుగు నెలల తర్వాత కూడా అదే ఉంది. ఆ రాత్రి మూత తిప్పి, వేలు ముంచి చూస్తే సరిపోయేది. అర నిమిషం పని. పదిహేను మంది ముందు కుర్రాణ్ణి అబద్ధికుడన్నవాణ్ణి, మూత తీసి చూడలేదు.

మరి ఇంజన్ ఎందుకు పట్టేసింది? ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా నాకు నిద్ర పట్టలేదు. నిజం చెప్తున్నాను, ఆ జవాబులో ఏదో ఒక మూల వాడి తప్పే ఉండాలని ఆశపడ్డాను కూడా.

హెడ్ విప్పాను, సిలిండర్ పైకి లాగాను. పిస్టన్ చూసి కడుపులో దేవినట్టయింది. సైలెన్సర్ వైపు నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి పూసుకుపోయి, రింగులు గాడిలో ఇరుక్కుపోయి ఉన్నాయి. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కంటే తక్కువ. వేడికి అల్యూమినియం పిస్టన్, ఇనుప లైనర్ కంటే రెండింతలు సాగుతుంది. వేడి హద్దు దాటితే ఆ సందు మూసుకుపోతుంది. అంతే, పట్టేస్తుంది.

పిస్టన్, ప్లగ్గు రెండూ గుడ్డలో చుట్టుకుని మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన ప్లగ్గు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. సరిగా కాలే ఇంజన్‌లో ప్లగ్గు మొన కాఫీపొడి రంగులో ఉంటుందట. మాది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పిస్టన్ మీద వేలితో తడిమాడు.

"లోపల క్రాంక్ తడిగా ఉండాదా, పొడిగా ఉండాదా?"

"తడిగానే ఉంది. రాడ్డుకు ఆయిల్ అంటుకుని ఉంది."

"అయితే ఆయిల్ లేక కాదు అయ్యగారూ. యాడో దొంగగాలి పీలుస్తా ఉండాది. కార్బొరేటర్ కాడ చూడండి."

ఆయన వివరించింది నాకు అర్థమైన మటుకు చెప్తాను. గాలి, పెట్రోలు ఒక లెక్కలో కలవాలి. ఆ లెక్క కార్బొరేటర్ చూసుకుంటుంది. కార్బొరేటర్ దాటాక ఎక్కడైనా చిల్లు ఉంటే, అక్కడి నుంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. పెట్రోలు పలచబడుతుంది. పెట్రోలు తగ్గితే దాంతో వచ్చే ఆయిలూ తగ్గుతుంది, చల్లదనమూ తగ్గుతుంది. నెమ్మదిగా పోయినంతకాలం నడుస్తుంది. ఫుల్ రేసు ఇచ్చిన రోజు పట్టేస్తుంది. దానికి గుర్తులు ముందే కనిపిస్తాయట. రేసు వదిలినా ఇంజన్ చప్పుడు వెంటనే దిగదు. ఉన్నట్టుండి బండి హుషారుగా లాగుతున్నట్టు అనిపిస్తుంది.

నాకు చెమటలు పట్టాయి. ఆ జనవరి నుంచి రేసు వెంటనే దిగడం లేదు. "బండి భలే లాగుతాంది" అని నేనే అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఇంటికి వచ్చి కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉన్న జాయింటు విప్పాను. బయట అంచున జిడ్డు చిమ్మి, దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంది. లోపల మెత్తబడి, సగం ఊడిపోయి, ఒక అట్ట ముక్క. దాని మీద బంగారు రంగు అక్షరాలు. "చి.ల.సౌ." అన్నంత వరకు ఉంది. పెళ్లికూతురి పేరు ఇంజన్ తినేసింది.

అది చూడగానే నాకు జ్ఞాపకం వచ్చింది. క్రిస్మస్ పనులు ముగిశాక, డిసెంబరు చివర్లో, కార్బొరేటర్ శుభ్రం చేద్దామని నేనే విప్పాను. కాగితం ప్యాకింగ్ చిరిగింది. కొత్తది కావాలంటే మదనపల్లె పోవాలి. మరుసటిరోజు పల్లెలో కూడిక. బల్ల మీద ఒక పెళ్లి పత్రిక ఉంది, మంచి మందం అట్ట. దాన్నే కత్తిరించి, చుట్టూ బంక పూసి బిగించాను. తర్వాత మార్చుదాంలే అనుకున్నాను. మరిచిపోయాను. మీ పెళ్లి పత్రికలు నేను ఎంత భద్రంగా దాచుకుంటానో ఇప్పుడు మీకు తెలిసింది.

అది జూలైలో ఒక శనివారం రాత్రి. తెల్లవారితే మొదటి ఆదివారం, ప్రభు బల్ల. వరండాలో బల్బు కింద నూనె చేతులతో కూర్చుని ఉన్నాను. బలిపీఠం దగ్గర కానుక పట్టుకుని నిలబడ్డవాడికి, సహోదరుడి మనసులో తన మీద ఏదో ఉందని గుర్తొస్తే ఏం చేయాలో ప్రభువు కొండమీద చెప్పాడు. దాని మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. ఆ మాటలో నేను ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటి ఆ రాత్రి కనిపించింది. నీకు అతని మీద కోపముంటే అని కాదు, అతనికి నీ మీద ఉంటే అని. నేను నాలుగు నెలలు వాణ్ణి క్షమించేశానని అనుకుంటూ ఉన్నాను. క్షమించాల్సినవాణ్ణి నేను కానే కాదు.

ఉదయం బల్ల ఇవ్వకముందే నిలబడి సంఘానికి చెప్పాను. పిల్లవాడు ఆయిల్ కలిపాడనీ, అబద్ధం ఆడింది వాడు కాదనీ, చెడ్డ ప్యాకింగ్ వేసింది నేననీ, ఆ రోజు చేసిన ప్రసంగం దేవుని మాట కాదనీ నా కోపమనీ. వాళ్లమ్మ మూడో వరసలో ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు బల్ల నేను పంచలేదు, తీసుకోలేదు కూడా. మన పెద్దలు నడిపించారు.

సోమవారం బస్సెక్కి కుప్పం పోయాను. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాటి కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి ఇది. ఎన్నో సువార్త కూడికలకు పోయిన దారే. ఆ రోజు మాత్రం పలమనేరు దాటాక వచ్చే అడవి కూడా తొందరగా అయిపోయినట్టు అనిపించింది. కుప్పం రాకపోతే బాగుండునని లోపల ఉంది.

వాడు పని నుంచి బయటికి వచ్చాడు. కనురెప్పల దాకా రాతిపొడి. నన్ను చూసి మొదట భయపడ్డాడు, వాళ్లమ్మకు ఏమైనా అయిందేమోనని. అది కాదని చెప్పి, టీకొట్టు పక్కన నిలబడి మొత్తం చెప్పాను. క్షమించమని అడిగాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయిల్ మాట పోనీలెండి అయ్యగారూ. మా నాయన పేరు చెడగొట్టినానని అంటిరే. ఆ మాట రోజూ గుర్తొస్తాది" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. "నువ్వు చెడగొట్టలేదు నాయనా. ఆ మాట నేను అనకూడదు. అన్నాను" అని మాత్రం అనగలిగాను. క్షమించాను అని వాడు అనలేదు. నేను మళ్లీ అడగలేదు. టీ తాగాం. గ్లాసు కింద పెడుతూ అడిగాడు, "ఇంతకీ ఏం ప్యాకింగ్ వేసినారు?"

చెప్పాను. వాడు నా ముఖం చూశాడు. ఆపుకోలేక నవ్వాడు. "ఎవరి పెండ్లి?" అని అడిగాడు.

తర్వాత పని వేగంగానే సాగింది. గీతలు పడిన సిలిండర్ తీసుకుని మదనపల్లె లేత్ షాపుకు పోయాను. టమాటా కిలో నూరు రూపాయలు దాటిన రోజులు అవి. మార్కెట్ వైపు దారంతా క్రేట్ల బండ్లు, లారీలు. ఎవరి నోట విన్నా ధరల మాటే. షాపాయన సిలిండర్ వెలుతురుకు పట్టి చూసి, ముందు పిస్టన్ తెమ్మన్నాడు. పిస్టన్ కొలిచి దానికి తగినట్టు బోరు కొడతారు తప్ప, బోరు కొట్టి పిస్టన్ వెదకరట. పావు మిల్లీమీటరు పెద్ద సైజుతో గీతలు పోవన్నాడు. అర మిల్లీమీటరు పెద్దది తెచ్చాను. ఇంటికి వచ్చి లెక్క వేశాను. కంపెనీ ఇచ్చినప్పుడు బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 50 మిల్లీమీటర్లు. అంటే 98 సీసీ. పేరుకే 100. ఇప్పుడు బోరు 50.5 అయింది కాబట్టి సరిగ్గా 100 సీసీ దాటింది.

అల్యూమినియం ముక్కలు క్రాంక్‌లోకి పడి ఉంటాయని మేస్త్రీ అనడంతో ఇంజన్ పూర్తిగా దించి, రెండు సగాలుగా విడదీసి కడిగాను. క్రాంక్ బేరింగులు, రెండు వైపులా ఆయిల్ సీళ్లు కొత్తవి. మాగ్నెట్ ఊడదీసే పుల్లర్ మేస్త్రీ ఇచ్చాడు. సుత్తితో కొట్టి తీయబోయిన నా చెయ్యి పట్టుకుని ఆపి మరీ ఇచ్చాడు. ఈసారి ప్రతి ప్యాకింగ్ కొత్తదే, సెట్టుగా కొన్నాను.

రెండు వారాల తర్వాత శనివారం వాడు సెలవు పెట్టి వచ్చాడు. ఫోన్ చేసి చెప్పలేదు, నేరుగా వరండాలోకి వచ్చి చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. పిస్టన్ ఎక్కించేది ఆ రోజే. క్రాంక్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాం, చిన్న లాక్ జారి లోపల పడితే మళ్లీ అంతా విప్పాలి. పిస్టన్ తల మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. నేను వెనక్కి పెట్టాను. వాడు ఏమీ అనకుండా తిప్పి పెట్టాడు. రింగు చివరలు గాడిలోని పిన్ను దగ్గర కలవాలి. ఆ రెండూ వేళ్లతో నొక్కి పట్టుకున్నది నేను, సిలిండర్ కిందికి దించింది వాడు. హెడ్ నట్లు ఒకేసారి బిగించకూడదు. ఎదురెదురుగా, కొంచెం కొంచెం. మేస్త్రీ అరుగు మీద కూర్చుని "ఇంకొంచెం, చాలు" అంటూ ఉన్నాడు.

సాయంత్రం కిక్కు కొట్టాం. పది, ఇరవై, నలభై. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వ వస్తోంది. పెట్రోలు వస్తోంది. నాకు నీరసం వచ్చి కూర్చున్నాను. వాడు బండి చుట్టూ తిరిగి, వెనక్కి వంగి, సైలెన్సర్ నోట్లో వేలు పెట్టి ఒక గుడ్డ బయటికి లాగాడు. కందిరీగలు గూడు పెట్టకుండా నేనే కుక్కి మరిచిపోయిన గుడ్డ.

"అయ్యగారూ," అన్నాడు. ఇంకేమీ అనలేదు.

తర్వాతి కిక్కుకు అందుకుంది. నీలంపొగ వరండా నిండింది. ఆ చప్పుడుకు వాళ్లమ్మ, రెండు వీధుల అవతల ఉండే మనిషి, నడుచుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆ చప్పుడు ఆమెకు ఎవరిని గుర్తు చేస్తుందో నాకు తెలుసు. వాడు ఇంజన్ ఆపలేదు. చాలాసేపు అలాగే నడవనిచ్చాడు.

ప్రియులారా, ఎలీషా దినాల్లో ఒకడు చెట్టు నరుకుతూ ఉంటే గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అది అరువు తెచ్చిన గొడ్డలి. వాడి బాధంతా అదే. ప్రవక్త అతణ్ణి తిట్టలేదు. జాగ్రత్త గురించి బోధించలేదు. ఎక్కడ పడిందో చూపించమన్నాడు. వాడు ఆ చోటు చూపించాకే గొడ్డలి తేలింది. ఆ రాత్రి నా ముందు ఒక కుర్రాడు నిలబడి, తనకు తెలిసిన చోటు చూపించాడు. నేను చూడలేదు. తిట్టాను.

మన ఇళ్లలో కూడా ఇలాంటివి జరుగుతుంటాయి. కోడలి మీద, కొడుకు మీద, తోటి విశ్వాసి మీద ఒక మాట అనేస్తాం. మూత తీసి చూడం. మన చేతులతో వేసిన చెడ్డ ప్యాకింగ్ ఎక్కడో గాలి పీలుస్తూ ఉంటుంది, పట్టేసిన రోజు ఎవరి చేతిలో ఉంటే వాళ్లది తప్పంటాం. అవును, వాడు ఆ రోజు పందెం ఆడాడు. దానికి వాడే తల వంచాడు. కానీ వాడు చేయని తప్పు కూడా వాడి మీద వేశాను. నలుగురిలో అన్న మాటకు చాటుగా క్షమాపణ చెప్పి సరిపెట్టుకోవడం మళ్లీ పెళ్లి పత్రికతో ప్యాకింగ్ చేయడమే అవుతుంది. అందుకే ఇక్కడ కూడా రాశాను.

వాడు ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడని అబద్ధం చెప్పను. సెలవు దొరికినప్పుడు వస్తాడు. కొన్నిసార్లు వచ్చి కూడా ఆరాధనకు రాడు, బండి చూసుకుని పోతాడు. కొత్త బోరు కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. మొన్న ఇద్దరం దాని మీదే కుప్పం దాకా పోయాం, పలమనేరులో ఒకసారి, వి.కోటలో ఒకసారి ఆపి చల్లార్చుకుంటూ. నడిపింది వాడు. వెనక కూర్చున్నది నేను. దిగాక తాళం వాడి చేతిలోనే ఉంచబోయాను. తీసుకోలేదు.

"మా నాయన మీకిచ్చినాడు. మీ దగ్గరే ఉండనీండి" అన్నాడు. "నలభై దాటొద్దు. ఆయిల్ మరిచిపోవద్దు."

మరిచిపోనన్నాను.

ప్రార్థన: ప్రభువా, మాట్లాడక ముందు చూసే ఓపిక మాకివ్వు. మా తప్పు మా చేతికి దొరికినప్పుడు దాన్ని దాచకుండా, ఎవరికి చూపాలో వాళ్ల దగ్గరికి నడిపించు. మా మాటలతో గాయపడినవాళ్ల మనసు నీవే బాగుచేయి. ఆమేన్.